నా బిడ్డ నోటి మీద నా చెయ్యి

నా బిడ్డకు పుట్టినప్పటి నుంచి మాటలు రావని నేను అందరికీ చెప్పాను. చుట్టాలకు చెప్పాను, బీడీల కార్ఖానా గుమస్తాకు చెప్పాను, కరీంనగర్‌లో ఒక డాక్టరుకు కూడా చెప్పాను. అది అబద్ధం. దానికి మాటలు వచ్చాయి. వచ్చిన మాటలను నేనే ఆపాను.

నాకు చదువు రాదు. సంతకం పెట్టడం వచ్చు, అంతే. నేను చెప్తుంటే మా వాడ బడి పంతులమ్మ రాస్తోంది. నా మాటను పుస్తకం మాటలోకి దిద్దుకుంటానంది. సరేనన్నాను. ఎవరేమన్నారో మాత్రం అన్నది అన్నట్టే పెట్టమన్నాను. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, నన్ను మంచిదాన్ని చేసి రాయొద్దన్నాను.

మాది మెట్‌పల్లి దగ్గర నేతవాళ్ళ వాడ. పోలీసు చర్య అయిన మరుసటేడు నా బిడ్డ పుట్టింది. ఒక్కతే. ఆ తర్వాత నాకు కాన్పు లేదు. మెడ నిలవడం ఆలస్యమైంది. మూడేళ్ళు నిండినాక గానీ నడవలేదు. ఐదేళ్ళు వచ్చినా నోట మాట లేదు. ఏదైనా కావాలంటే కొంగు పట్టి గుంజేది, లేకపోతే ఏడ్చేది. మా అత్త చెల్లెలు మా ఇంట్లోనే ఉండేది, చిన్నత్త అనేవాళ్ళం. ఆమె రోజూ అదే అడిగేది.

"పురిట్ల వస పెట్టినవా లేదా? నిజం చెప్పు."

"పెట్టిన చిన్నత్తా, నీ ముంగటనే కద అరగదీసిన."

"ఏం అరగదీసినవో! చేతుల సత్తువ లేనోళ్ళు అరగదీస్తె పిల్లలు గిట్లనే అయితరు."

ఆ మాట పడలేక ఒక రోజు వసకొమ్ము కాల్చి, రాతి మీద గట్టిగా గంధంలా తీసి, ఐదేళ్ళ పిల్ల నాలుకకు పట్టించాను. కాళ్ళ మధ్య ఇరికించుకుని మరీ పట్టించాను. నోరంతా మండి సాయంత్రం దాకా కక్కింది. అప్పటి నుంచి నా చెయ్యి ముఖం దగ్గరికి వస్తే పళ్ళు బిగించేది. అన్నం కూడా వాళ్ళ బాపు చేతితోనే తినేది.

ఎవరైనా ఇంటికి వస్తే దాన్ని నూలు మూటల వెనక కూర్చోబెట్టేదాన్ని. పిల్ల ఏదని అడిగితే పడుకుందని చెప్పేదాన్ని. వచ్చినవాళ్ళు పోయినాక వాళ్ళ బాపు తనే వెళ్ళి ఎత్తుకొచ్చి మగ్గం దగ్గర కూర్చోబెట్టుకునేవాడు.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన నేస్తుంటే అది గట్టున కూర్చునేది. చీర కొంగు నేసేటప్పుడు చారచారకూ రంగు మారుతుంది. నూలు చుట్టిన చిన్న పుల్లలను కండెలంటాం. ఎర్ర కండె అయిపోగానే పసుపు కండె, అది కాగానే ఊదా కండె నాడెలో పెట్టి ఆ పక్క నుంచి ఈ పక్కకు కొడుతుండాలి. కండెలు నేను రాట్నం మీద చుట్టేదాన్ని. అందించే పని బిడ్డకు పెట్టాడు. అందిస్తే ఊరికే తీసుకునేవాడు కాదు.

"ఏందిది?" అని అడిగేవాడు.

అది ఆయన ముఖం చూసేది. ఆయన కాళ్ళు ఆపేసి కూర్చునేవాడు. మగ్గం చప్పుడు ఆగిపోయేది. ఇంట్లో నాకు ఒళ్ళు మండేది.

"పొద్దంత గిట్లనే కూసుంటవా? రేపు నూలిచ్చిన సేటొచ్చి చీర ఏదంటే ఏం చెప్తవ్?"

"నా బిడ్డ ఇంక రంగు చెప్పలేదని చెప్త."

"అది చెప్పేది లేదు, నువ్వు నేసేది లేదు."

"నువ్వు జర సేపు ఊకుంటె అది చెప్తదే. నీ లొల్లికే దాని మాట బయటికొస్తలేదు."

ఎన్ని రోజులు పట్టిందో గుర్తు లేదు. ఒకనాడు ఎర్ర కండె పట్టుకుని "ఎ" అంది. ఆయన వెంటనే కండె తీసుకుని నాడెలో పెట్టి గబగబా నేశాడు. అది నవ్వింది. తను నోరు తెరిస్తే మగ్గం నడుస్తుందని దానికి తెలిసింది. "ఎ" అన్నది కొన్నాళ్ళకు "ఎర్" అయింది, తర్వాత "ఎర్ర" అయింది. పసుపు వచ్చింది. ఊదా వచ్చింది. కానీ ఆ మాట మగ్గం దగ్గరే. పొయ్యి దగ్గర ఎర్ర గాజు చూపించి అడిగితే మళ్ళీ ముఖం చూసేది. ఎర్ర అంటే కండె పేరు అనుకుందో ఏమో. ఆయన మాత్రం విసుక్కోలేదు. ఎండకాలం వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉంటే, వాటి ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే "ఎర్ర" అంది. ఆయన గుంటలో నుంచి లేచి వచ్చాడు.

"మల్లొకసారి అను బిడ్డా."

"ఎర్ర."

"ఇంకోసారి."

"ఎర్ర, బాపు."

దాన్ని భుజం మీద ఎక్కించుకుని వాకిట్లో తిరిగాడు. నేను కూడా నవ్వాను. అప్పుడు ఎదురింటామె తొంగిచూసి "ఏమైందే, గంత సంబురం?" అని అడిగింది. "ఏం లేదు, ఊకెనే" అన్నాను. ఆరేళ్ళు దాటిన పిల్ల మిరపకాయను ఎర్ర అన్నదని మా ఇంట్లో పండుగ అని ఎట్లా చెప్పను?

ఎనిమిదేళ్ళు వచ్చేసరికి బువ్వ, నీళ్ళు, రా, పో, దా, నాడె, బాపు, రంగులన్నీ అనేది. రెండు మాటలు పక్కపక్కన పెట్టేది. ఒకసారి నేర్చుకున్నది మరిచేది కాదు. నిరుడు నేసిన కొంగులో ఏ చార తర్వాత ఏ చార అని ఆయనే తికమకపడితే అది కండెలు వరసగా పేర్చేది. చూస్తే అదే సరి. ఒక రోజు కండెలు అయిపోయి ఆయన బిడ్డను నా దగ్గరికి పంపాడు. అది గడపలో నిలబడి "అవ్వ, కండె" అంది. అమ్మను మేము అవ్వ అంటాం. దాని నోట ఆ మాట నేను అదే మొదటిసారి వినడం. నేను పిండి పిసుకుతున్నాను. తల తిప్పకుండా "వస్తున్న తియ్, పో" అన్నాను. పంతులమ్మా, ఇది కొట్టెయ్యకు.

రాష్ట్రం మారి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు వానలకు ఆయన దగ్గు ముదిరింది. చివరికి దుప్పట్లో రక్తం కక్కాడు. పోయాడు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయినవాళ్ళ మనసు తీరినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడే తిరుగుతున్నట్టు. వాకిట్లో పందిరి మీద విస్తరి పెట్టారు. అందరూ పక్కకు జరిగి నిలబడ్డారు. కాకులు ఎదురింటి కప్పు మీద వాలాయి, చూశాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. ఒక్కొక్కరూ దండం పెట్టి, బిడ్డను చూసుకుంటామని ఒకరు, మగ్గం నిలబెడతామని ఒకరు మాటలిచ్చారు. అయినా దిగలేదు.

అప్పుడు లోపలి నుంచి బిడ్డ గొంతు వినబడింది.

"బాపు, ఎర్ర. బాపు, పసుపు. బాపు, దా."

చావు జరిగిన ఇంట్లో దినాలు అయ్యేదాకా మగ్గం ముట్టకూడదు. అది గుంట గట్టున కూర్చుని, బుట్టలో నుంచి ఒక్కొక్క కండె తీసి, ఖాళీ గుంటలోకి అందిస్తోంది. రంగు చెప్తే బాపు తీసుకుంటాడు, మగ్గం నడుస్తుంది. దానికి తెలిసింది అదే. తీసుకోవడం లేదని గొంతు పెంచుతోంది. వచ్చినవాళ్ళలో ఎవరో నవ్వారు. ఎవరో "అయ్యో పాపం, తెల్వది దానికి" అన్నారు. చిన్నత్త నా భుజం పట్టుకుంది.

"గా పిల్ల పిలుస్తాందే. పిలుస్తుంటె వాడెట్ల పోతడు? గందుకే పిట్ట ముడ్తలేదు. ఆపు ముందుగాల దాన్ని!"

నేను లోపలికి పోయాను. పోతూ ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. ఆయన ఆత్మ గురించి అనుకోలేదు. ఇంతమంది ముందు పరువు తీసింది కదా అనుకున్నాను. అది నన్ను చూసి, ఊదా కండె నా వైపు చాచి "ఊదా" అంది. నేను నోటి మీద కొట్టాను. పెదవి చిట్లింది. ఏడవబోతే చేత్తో నోరు గట్టిగా మూసి పట్టుకున్నాను. "మాట్లాడకు. మాట్లాడితె సంపుత. నువ్వు పిలువబట్టే గిట్లయితాంది" అన్నాను. ముక్కులో నుంచి బుసలు కొడుతూ నన్నే చూసింది.

బయట "ముట్టింది, ముట్టింది!" అని అరిచారు. కాకి దిగి విస్తరిలో ముక్కు పెట్టింది.

అదీ జరిగింది. ఆ కాకి ఇంకొంచెం ఆగి వచ్చి ఉంటే నా బుద్ధి వేరుగా ఉండేదేమో. ఎండ కొంచెం తగ్గింది, మనుషులు కదలకుండా ఉన్నారు, ఆకలైంది, దిగింది. ఇప్పుడు అట్లా అనుకుంటాను. ఆ రోజు మాత్రం నేను బిడ్డ నోరు మూస్తేనే ఆయన దారి పట్టాడని నమ్మాను. అందరూ నమ్మారు. చిన్నత్త వాడంతా చెప్పింది. తర్వాత పది రోజులూ అది పెదవి కదిపితే చాలు నా చెయ్యి లేచేది. దినాలు అయ్యేసరికి నేను చెయ్యి ఎత్తే పని లేకపోయింది. నన్ను చూస్తేనే తన చేత్తో తనే నోరు మూసుకునేది.

మగ్గం విప్పి ఇచ్చేశాను. బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. చిన్నత్త కూడా పోయింది. ఇంట్లో నేనూ అదే. అది తునికాకు తడిపేది, కత్తిరించిన ఆకులు కట్టేది, చెప్పిన పని చేసేది. మాట మాత్రం లేదు. మొదట్లో నాకు అదే బాగుందనిపించింది. ఎవరూ నవ్వరు కదా. రెండేళ్ళ తర్వాత భయం పట్టుకుంది. నేను పోతే దీని ఆకలి ఎవరికి తెలుస్తుంది, కడుపులో నొప్పి అని ఎవరితో ఎట్లా చెప్తుంది? దగ్గర కూర్చోబెట్టుకుని "ఎర్ర అను, బిడ్డా, ఎర్ర" అని బతిమాలాను. చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుకునేది. కోపం వచ్చి ఆ చెయ్యి గుంజేసేదాన్ని. మళ్ళీ కొట్టేదాన్ని. మాట్లాడినందుకు ఒకప్పుడు, మాట్లాడనందుకు ఇప్పుడు.

కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాను. ముసలాయన, ఓపిక ఉన్న మనిషి. చెవులు చూశాడు, వెనక నుంచి గిన్నె మోగించాడు. తర్వాత నన్ను అడిగాడు.

"చెవులు మంచిగున్నయి. గిదొకటి చెప్పమ్మా. అసలే మాట రాలేదా, వచ్చి పోయిందా? సోంచాయించి, యాది చేసుకొని చెప్పు. వచ్చి పోయిందంటే అది వేరే బీమారి. ఎందుకు పోయిందో చూడాలె."

నేను బిడ్డ వైపు చూడలేదు. "అసలే రాలే దొరా. పుట్టుమూగ" అన్నాను. వచ్చి పోయిందంటే ఎందుకు పోయిందని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. ఆయన కాగితం మీద అదే రాసుకున్నాడు. ఈ వయసు దాకా ఒక్క మాటా రాకపోతే ఇక ఆశ తక్కువ, పని నేర్పుకోండి అన్నాడు. ఆ మాట నా బిడ్డ పక్కనే కూర్చుని విన్నది. బస్సులో వస్తుంటే అది కిటికీలో నుంచి చూస్తూ, చేత్తో నోరు మూసుకునే ఉంది.

దానికి పద్నాలుగేళ్ళప్పుడు పక్కింట్లోకి కోరుట్ల నుంచి ఒక తురక కుటుంబం వచ్చింది. నూలుకు రంగు అద్దేవాళ్ళు. ఇంటామె నాకంటే పెద్దది, అక్కను పిలిచినట్టు నేను ఆపా అనేదాన్ని. వాళ్ళ వాకిట్లో వెదురు బొంగుల మీద రంగు నూలు ఆరేసేవాళ్ళు. నా బిడ్డ ఆకుల బుట్ట వదిలేసి అక్కడికి పోవడం మొదలుపెట్టింది. నాకు పనిలో తీరిక లేక పోనిచ్చాను. పిల్ల మూగదని ఆపాకు చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాను. తనే చూసుకుంటుందిలే అనుకున్నాను. చెప్పకపోవడమే మంచిదైంది. చెప్పి ఉంటే ఆమె కూడా దాన్ని మాట్లాడించి ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం నీళ్ళ బిందెతో వస్తుంటే తడక అవతల మాటలు వినబడ్డాయి.

"గది ఎర్రనా నా రాణీ? కండ్లకు ఏమన్న అయిందా?"

"ఎర్ర కాదు." ఆ గొంతు ఎవరిదో నాకు మొదట తెలియలేదు. "ఊదా. ఖాలా, ఊదా దా."

"దా అంటె ఎవలిస్తరు? ఇయ్యమనెటందుకు మా మాటల దేవో అను."

"దేవో!"

ఇద్దరూ నవ్వారు. ఆపాను ఖాలా అంటోంది, వాళ్ళ మాటలో పెద్దమ్మ. బిందె దింపకుండానే తడక తోసుకుని లోపలికి పోయాను. నా బిడ్డ చేతులు మోచేతుల దాకా రంగు. నన్ను చూడగానే ఆ రంగు చేత్తోనే నోరు మూసుకుంది. మూతి మీద ఊదా రంగు అంటుకుంది. ఆపా అటూ ఇటూ చూసింది.

"ఏమైంది చెల్లే? నిన్ను జూసి మూతి మూసుకునే?"

"దానికి మాటలు రావాపా."

"రావా? పొద్దుగాల్నుంచి నా తల తింటాంది! ఎవలు చెప్పిండ్రు నీకు?"

నేను బిందెతో అట్లాగే ఇంటికొచ్చాను. ఆ రోజు చుట్టిన బీడీలు ఒక్కటీ సరిగా రాలేదు.

మర్నాటి నుంచి బీడీల ఆకు పెట్టుకునే చాట తడక పక్కకు జరుపుకున్నాను. బీడీలు చుడుతూ వినేదాన్ని. నా బిడ్డకు పిల్లి అనడం వచ్చు, దాహమైతే దూప అనడం వచ్చు, నొప్పి అనడం కూడా వచ్చు. బాపు దగ్గర నేర్చుకున్నవి ఏమీ మరిచిపోలేదు. అన్నీ దాచుకుంది, నాకు కనబడకుండా. మూగది కాదు, నొప్పి చెప్పుకోగలదు అని ఒక పక్క ప్రాణం లేచివచ్చింది. ఇంకో పక్క, అది ఎవరి నుంచి దాచుకుందో తెలుస్తూనే ఉంది. కొన్నాళ్ళకు ఆపా అడిగేసింది. నేను తడక ఇవతల ఉన్నానని ఆమెకు తెలుసో తెలియదో నేనిప్పటికీ అడగలేదు.

"మీ అవ్వ ముంగట ఎందుకు మాట్లాడవే, పిచ్చీ?"

నా బిడ్డ మెల్లగా చెప్పింది.

"అవ్వ కొడ్తది."

"ఎందుకు కొడ్తది?"

"మాట్లాడితె. బాపు పోయిండు."

కత్తెర నా చేతిలోనే ఉండిపోయింది. ఆరేడేళ్ళయింది ఆయన పోయి. ఆ రోజు నేను అన్న మాట దాని తలలో నిన్నటిదిలా ఉంది. తను పిలిచింది, నేను కొట్టాను, బాపు మళ్ళీ రాలేదు. మూడూ కలిపి ముడి వేసుకుంది. తన నోటి వల్లే బాపు పోయాడని ఇన్నేళ్ళూ మోసింది. నేను పెట్టిన బరువు అది.

ఆ సాయంత్రం ఆపాకు అంతా చెప్పాను. విస్తరి సంగతి, కాకి సంగతి, డాక్టరు దగ్గర ఆడిన అబద్ధం కూడా. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ చెల్లే? నన్ను కొట్టినవా? పో, దానికి చెప్పు."

"దానికి సమజైతదా ఆపా?"

"కొట్టింది సమజైంది కద."

బిడ్డ దగ్గర కూర్చున్నాను. దానికి వచ్చిన మాటలతోనే చెప్పాలని చూశాను. "బాపు నీ మాటకు పోలే. దగ్గుకు పోయిండు. అవ్వ కొట్టింది తప్పు. నీది తప్పు లేదు." ఆ రోజు చెప్పాను, మర్నాడు చెప్పాను, నెలల తరబడి రోజూ చెప్పాను. అది నోటి మీద చెయ్యి తియ్యకుండానే వినేది. నేను ఎదురుగా కూర్చోవడం మానేసి పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను. అడగడం మానేశాను. ఏదైనా అడగబోతే ఆపా కళ్ళెర్రజేసేది.

ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. పగలంతా వాళ్ళ వాకిట్లోనే పని చేస్తుంది. నేనూ బీడీల చాట పట్టుకుని వాళ్ళ అరుగు మీదే కూర్చుంటున్నాను. ఆపాతో మాట్లాడుతుంది, నేను వింటున్నానని తెలిసీ మాట్లాడుతుంది. నాతో మాత్రం లేదు. నా వైపు తిరిగితే చెయ్యి పైకి లేస్తుంది. మునుపటిలా నొక్కుకోదు, గడ్డం దగ్గర ఆగిపోతుంది.

పోయిన వారం ఆపా చాయ్ పోస్తోంది. వాళ్ళింట్లో తాగడం మా వాళ్ళలో లేదు. ఆపా నన్ను ఎప్పుడూ అడగదు, నేను ఎప్పుడూ తాగలేదు. నా బిడ్డ తన గిన్నె తీసుకుని, నా వైపు చూడకుండా, ఆపాతోనే చెప్పింది.

"ఖాలా, అవ్వకు."

ఆపా నన్ను చూసింది. నేను చెయ్యి చాచి ఆపా పోసిన గిన్నె అందుకున్నాను. వేడిగా ఉంది, మూతి కాలింది, అయినా ఆపకుండా తాగాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.